చాట్ ప్రోగ్రామ్‌కి జీపీయూ ప్లగిన్ లైబ్రరీ: బిల్డ్ దగ్గర్నుంచి ఇంకొకరి కంప్యూటర్‌లో లోడ్ అయ్యేదాకా

బిల్డ్ ఒక్క ఎర్రర్ లేకుండా పూర్తవుతుంది. లైబ్రరీ ఫైల్ తయారవుతుంది. దాన్ని ప్లగిన్ల ఫోల్డర్‌లో పెట్టి చాట్ ప్రోగ్రామ్ తెరిస్తే జాబితాలో ప్లగిన్ జాడే ఉండదు. లేదా మీ దగ్గర చక్కగా నడిచిన ప్లగిన్ ఇంకొకరి కంప్యూటర్‌లో మొత్తం ప్రోగ్రామ్‌నే మూసేస్తుంది. ఎక్కువగా వచ్చే ప్రశ్నలు ఈ రెండే. రెంటికీ కారణం దాదాపు ఎప్పుడూ కోడ్‌లో ఉండదు, ఫైళ్ళను కూర్చిన తీరులో ఉంటుంది.

జీపీయూ (గ్రాఫిక్స్ కార్డ్) ప్లగిన్‌ను కంపైల్ చేయడం చిన్న పని. పాత డ్రైవర్, తెలియని కార్డ్, అసలు కార్డే లేని కంప్యూటర్ ఎదురైనప్పుడు హోస్ట్ ప్రోగ్రామ్‌కు నష్టం లేకుండా తప్పుకునేలా దాన్ని తయారుచేయడం పెద్ద పని. ఈ మార్గదర్శి ఎక్కువ భాగం ఆ రెండో పని గురించే.

ఇక్కడ హోస్ట్ అంటే డెస్క్‌టాప్ చాట్ ప్రోగ్రామ్. ప్లగిన్ పని, భాషా మోడల్‌ను యూజర్ సొంత కంప్యూటర్‌లోనే నడిపి జవాబు తెప్పించడం. లోపలి ఇంజన్‌గా లామా సీపీపీ (మోడల్‌ను నడిపే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్), ఎన్‌విడియా కార్డుల కోసం క్యూడా (ఆ కార్డుల మీద లెక్కలు నడిపే ఎన్‌విడియా వ్యవస్థ) తీసుకుంటున్నాను. ప్రధానంగా విండోస్ గురించి చెబుతాను, లినక్స్‌లో తేడా ఉన్నచోట విడిగా చెబుతాను. బిల్డ్‌ను నడిపించే సీమేక్ టూల్ ఆప్షన్ల పేర్లు పలికినట్టే రాశాను. టైప్ చేసేటప్పుడు అన్నీ పెద్ద అక్షరాలు, పదాల మధ్య అండర్‌స్కోర్.

## 1. ముందు కాగితం మీద తేల్చుకోండి

మొదటి ప్రశ్న: ఏ కార్డుల కోసం? ప్రతి కార్డ్‌కీ ఒక కంప్యూట్ కేపబిలిటీ అంకె ఉంటుంది. బిల్డ్‌లో ఇచ్చేది ఈ అంకెనే (చుక్క తీసేసి, 8.6ని 86గా), కార్డ్ పేరును కాదు.

- జీటీఎక్స్ 10 వరుస: 6.1
- జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 వరుసలు: 7.5
- ఆర్‌టీఎక్స్ 30 వరుస: 8.6
- ఆర్‌టీఎక్స్ 40 వరుస: 8.9
- ఆర్‌టీఎక్స్ 50 వరుస: 12.0

క్యూడా టూల్‌కిట్ (కంపైలర్, లైబ్రరీలు ఉన్న ప్యాకేజీ) వెర్షన్ దీన్నిబట్టే ఎంచుకోవాలి. 50 వరుసకు మద్దతు క్యూడా 12.8తో మొదలైంది. క్యూడా 13.0 వచ్చేసరికి 7.5 కంటే పాతవాటికి కంపైల్ చేసే వీలు తీసేశారు. పాత 10 వరుస నుంచి కొత్త 50 వరుస దాకా ఒకే బిల్డ్‌లో కావాలంటే 12.8 గానీ, దాని తర్వాతి 12 వరుస వెర్షన్ గానీ వాడండి. కొత్తది వచ్చింది కదా అని 13కి పోతే పాత కార్డుల వాళ్ళందరినీ వదిలేసినట్టే.

రెండో ప్రశ్న: ఎంత మెమరీ కావాలి? రెండు భాగాలు లెక్కేయాలి, మోడల్ ఫైల్ సైజు, సంభాషణ గుర్తుంచుకునే కేవీ క్యాష్.

లామా 3.1లోని 8 బిలియన్ మోడల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. నాలుగు బిట్ల క్వాంటైజేషన్‌లో (విలువలను కుదించి దాచే పద్ధతిలో) ఫైల్ సుమారు 4.9 జీబీ. ఇక కేవీ క్యాష్: మోడల్‌లో 32 లేయర్లు (అంతస్తులు), 8 కేవీ హెడ్లు, ఒక్కో హెడ్‌కు 128 విలువలు, ఒక్కో విలువకు 2 బైట్లు, కీ ఒకటి వాల్యూ ఒకటి కలిపి రెండింతలు. గుణిస్తే ఒక్క టోకెన్‌కు (మోడల్ చదివే పదపు ముక్కకు) 128 కేబీ. 8192 టోకెన్ల కాంటెక్స్ట్ (మోడల్ ఒకేసారి గుర్తుంచుకునే పాఠం) పెడితే సరిగ్గా 1 జీబీ. దీనిపైన లెక్కల కోసం వాడే తాత్కాలిక బఫర్లు, విండోస్ డెస్క్‌టాప్ వాడుకునే భాగం కలుస్తాయి. 8 జీబీ కార్డ్‌లో సుఖంగా పడుతుంది, 6 జీబీలో పట్టదు. ఈ లెక్కను ప్లగిన్ తనంతట తాను వేసుకునేలా రాస్తాం, అందుకే ముందు మీకు అర్థం కావాలి.

ఏఎండీ, ఇంటెల్ కార్డుల వాళ్ళకు వల్కన్ బ్యాకెండ్ (లెక్కలను ఆ కార్డుల మీద నడిపే ఇంజన్ భాగం) ఉంది. మూడో అంచెలో చెప్పే విధంగా ఫైళ్ళను విడగొడితే దాన్ని తర్వాత ఎప్పుడైనా చేర్చుకోవచ్చు. మొదటి విడుదలలోనే రెండూ పెట్టుకుని సతమతం కావద్దు.

## 2. పనిముట్లు, వాటి వరుస

విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసే వరుసకు ప్రాధాన్యం ఉంది. విజువల్ స్టూడియో ముందు, క్యూడా టూల్‌కిట్ తర్వాత. టూల్‌కిట్ ఇన్‌స్టాలర్ విజువల్ స్టూడియో ఎక్కడుందో వెతికి తన ఫైళ్ళను అందులో పెడుతుంది. వరుస తిరగబడితే సీమేక్ "క్యూడా టూల్‌సెట్ దొరకలేదు" అంటుంది. అలా అయితే టూల్‌కిట్‌ను మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి. లేదా నింజా జనరేటర్ (విజువల్ స్టూడియో పద్ధతికి బదులు బిల్డ్ నడిపే టూల్) వాడండి, దానికి ఈ ఫైళ్ళతో అవసరమే లేదు. నేనైతే మొదటినుంచీ నింజానే వాడమంటాను.

- విజువల్ స్టూడియో 2022, అందులో సీ ప్లస్ ప్లస్ డెస్క్‌టాప్ డెవలప్‌మెంట్ భాగం
- క్యూడా టూల్‌కిట్ 12.8 లేదా తర్వాతి 12 వరుస
- సీమేక్, నింజా, గిట్
- కమాండ్లన్నీ 64 బిట్ నేటివ్ టూల్స్ ప్రాంప్ట్‌లోనే ఇవ్వాలి, మామూలు ప్రాంప్ట్‌లో కాదు

ఎన్‌విడియా ఎస్‌ఎంఐ కమాండ్ చూపించే క్యూడా వెర్షన్‌ను చూసి టూల్‌కిట్ ఉందనుకోకండి. అది మీ డ్రైవర్ గరిష్ఠంగా భరించగల వెర్షన్. టూల్‌కిట్ ఉందో లేదో, ఏదుందో చెప్పేది ఎన్‌వీసీసీ (క్యూడా కంపైలర్) వెర్షన్ కమాండ్.

లినక్స్‌లో ప్రతి టూల్‌కిట్‌కూ ఒక గరిష్ఠ జీసీసీ (అక్కడి సీ కంపైలర్) వెర్షన్ ఉంటుంది. సిస్టమ్‌లోని జీసీసీ అంతకంటే కొత్తదైతే పాతదాన్ని పక్కన ఇన్‌స్టాల్ చేసి, "సీమేక్ క్యూడా హోస్ట్ కంపైలర్" ఆప్షన్ ద్వారా దాని దారి చూపించండి. ఈ వెర్షన్ తనిఖీని దాటేసే ఫ్లాగ్ ఒకటి ఉంది గానీ దానితో తయారైన లైబ్రరీని ఇతరులకు ఇవ్వడం మంచిది కాదు.

లినక్స్ గురించే ఇంకొక మాట: కొత్త డిస్ట్రిబ్యూషన్‌లో బిల్డ్ చేసింది పాతదానిలో నడవదు, జీలిబ్‌సీ (లినక్స్ మూల సీ లైబ్రరీ) వెర్షన్ దొరకలేదని ఆగిపోతుంది. మీరు మద్దతివ్వాలనుకున్న వాటిలో అన్నిటికంటే పాతదాని కంటైనర్‌లో బిల్డ్ చేయండి.

## 3. లైబ్రరీని రెండుగా విడగొట్టండి

ఈ మార్గదర్శిలో ఒక్క అంచె మాత్రమే పాటిస్తానంటే ఇది పాటించండి.

చాలామంది ప్లగిన్ ఫైల్‌ను నేరుగా క్యూడా లైబ్రరీలకు లింక్ చేస్తారు. అప్పుడు హోస్ట్ ఆ ప్లగిన్‌ను తెరవబోతే, ఆపరేటింగ్ సిస్టమ్ ముందు క్యూడా ఫైళ్ళన్నిటినీ వెతుకుతుంది. ఒక్కటి లేకపోయినా ప్లగిన్ తెరుచుకోదు. మీ కోడ్‌లో ఒక్క లైన్ కూడా నడవదు, కాబట్టి "మీ కంప్యూటర్‌లో ఎన్‌విడియా డ్రైవర్ లేదు" అని చెప్పే అవకాశం కూడా మీకు రాదు. యూజర్‌కు కనిపించేది ఏమీ చెప్పని ఒక ఎర్రర్ నంబర్.

అందుకే రెండు భాగాలు చేయండి.

గేట్ లైబ్రరీ: హోస్ట్ తెరిచేది ఇదే. చిన్నది. క్యూడాకు లింక్ కాదు, ఇంజన్‌కు లింక్ కాదు. ఎక్కడైనా తెరుచుకుంటుంది.

ఇంజన్ లైబ్రరీలు: లామా సీపీపీ, దాని సీపీయూ బ్యాకెండ్లు, క్యూడా బ్యాకెండ్, క్యూడా రన్‌టైమ్ ఫైళ్ళు. ఇవి ఒక ఉపఫోల్డర్‌లో ఉంటాయి. గేట్ అన్నీ సరిచూసుకున్నాక మాత్రమే వీటిని తెరుస్తుంది.

గేట్ చేయాల్సిన తనిఖీ ఈ వరుసలో:

1. డ్రైవర్ లైబ్రరీని రన్‌టైమ్‌లో తెరిచి చూడాలి. విండోస్‌లో ఎన్‌వీ క్యూడా డీఎల్ఎల్, లినక్స్‌లో లిబ్ క్యూడా డాట్ ఎస్ఓ డాట్ 1 (డీఎల్ఎల్, ఎస్ఓ రెండూ లైబ్రరీ ఫైళ్ళే). ఇది డ్రైవర్‌తోపాటు వచ్చే ఫైల్, టూల్‌కిట్‌తో పనిలేదు. తెరుచుకోకపోతే ఎన్‌విడియా డ్రైవర్ లేదు, అక్కడితో ఆగి సీపీయూ దారి పట్టాలి.
2. అందులోని ఇనిట్ ఫంక్షన్‌ను పిలవాలి. డ్రైవర్ ఉండి కార్డ్ లేకపోతే ఇక్కడ తేలుతుంది.
3. డ్రైవర్ వెర్షన్ అడగాలి. జవాబు ఒక పూర్ణాంకం: 12.8 అయితే 12080 వస్తుంది.
4. కార్డ్ కంప్యూట్ కేపబిలిటీ అడిగి, మీ బిల్డ్‌లో ఉన్న జాబితాతో పోల్చాలి.
5. ఖాళీగా ఉన్న మెమరీ అడిగి, మొదటి అంచెలోని లెక్కతో పోల్చి, ఎన్ని లేయర్లు కార్డ్‌మీద పెట్టొచ్చో నిర్ణయించాలి.

ప్రతి మెట్టులోనూ ఆగిపోతే ఎందుకు ఆగిందో ఒక వాక్యం హోస్ట్‌కు అందించండి. "డ్రైవర్ పాతది" అన్నదీ "మెమరీ చాలదు" అన్నదీ యూజర్‌కు రెండు వేర్వేరు పనులు చెప్పే మాటలు. రెంటినీ కలిపి "జీపీయూ విఫలం" అనేస్తే ఆ ప్రశ్న మళ్ళీ మీ దగ్గరికే వస్తుంది.

ఈ తనిఖీ ఏదీ డీఎల్ఎల్ మెయిన్‌లో (లైబ్రరీ తెరుచుకోగానే విండోస్ పిలిచే ఫంక్షన్‌లో) పెట్టకండి. అది నడిచేటప్పుడు లోడర్ లాక్ (లైబ్రరీలు తెరిచే పనికి విండోస్ వేసే తాళం) పట్టి ఉంటుంది. అక్కడ ఇంకో లైబ్రరీ తెరవడం, థ్రెడ్ కోసం ఆగడం, జీపీయూను లేపడం ప్రోగ్రామ్‌ను స్తంభింపజేస్తాయి. హోస్ట్ "మొదలుపెట్టు" ఫంక్షన్ పిలిచాకే అన్నీ.

## 4. హోస్ట్‌కూ ప్లగిన్‌కూ మధ్య సరిహద్దు

హోస్ట్ ఒక కంపైలర్‌తో, ప్లగిన్ ఇంకోదానితో తయారై ఉండొచ్చు. కాబట్టి సరిహద్దు దాటేవి సాదా సీ ఫంక్షన్లు, సాదా రకాలే. సీ ప్లస్ ప్లస్ స్ట్రింగ్, వెక్టర్ వంటివి దాటకూడదు.

- మొదటి ఫంక్షన్ ఇంటర్‌ఫేస్ వెర్షన్ అంకె తిరిగివ్వాలి. హోస్ట్ దీన్ని చూశాకే మిగతావి పిలవాలి.
- ప్రతి స్ట్రక్ట్‌లో మొదటి సభ్యంగా దాని సైజు ఉండాలి. రేపు కొత్త సభ్యాలు చేర్చినా పాత హోస్ట్ పాడవదు.
- ప్లగిన్ కేటాయించిన మెమరీని ప్లగినే విడుదల చేయాలి. అందుకు ఒక ఫంక్షన్ ఇవ్వండి.
- ఎక్సెప్షన్ సరిహద్దు దాటకూడదు. ప్రతి ఫంక్షన్ లోపలే పట్టుకుని ఎర్రర్ కోడ్‌గా మార్చాలి.
- ఫైల్ దారులు, సందేశాలు అన్నీ యూటీఎఫ్-8లో. విండోస్ ఫంక్షన్లకు ఇచ్చేముందు ప్లగిన్ లోపల వైడ్ అక్షరాలకు మార్చాలి. తెలుగు పేరున్న ఫోల్డర్‌లో మోడల్ పెట్టి దీన్ని పరీక్షించండి.
- బయటికి కనిపించాల్సిన ఫంక్షన్లు తప్ప మిగతా పేర్లన్నీ దాచేయాలి.

ఇంజన్ గురించి ఒక కఠినమైన నిజం చెప్పాలి. లెక్క మధ్యలో క్యూడా ఎర్రర్ వస్తే లామా సీపీపీ ఎర్రర్ కోడ్ తిరిగివ్వదు, ప్రాసెస్‌నే ఆపేస్తుంది. ఇంజన్ హోస్ట్ ప్రాసెస్‌లో ఉంటే చాట్ ప్రోగ్రామ్ మొత్తం, యూజర్ టైప్ చేస్తున్న సందేశంతో సహా పోతుంది. ఎక్సెప్షన్ పట్టుకునే ఏర్పాట్లేవీ దీన్ని ఆపలేవు.

కాబట్టి విడుదల చేసే ప్లగిన్ అయితే ఇంజన్‌ను చిన్న సహాయక ప్రాసెస్‌లో నడపండి. గేట్ దానితో పైప్ ద్వారా మాట్లాడుతుంది. సహాయక ప్రాసెస్ పడిపోతే గేట్ దాన్ని మళ్ళీ లేపి, రెండోసారీ పడిపోతే సీపీయూకి మారుతుంది. పని కాస్త పెరుగుతుంది. అయినా ఇంకొకరి సంభాషణలు దాచుకున్న ప్రోగ్రామ్‌లో మన కోడ్ నడుస్తున్నప్పుడు ఆ పాటి శ్రమ పడి తీరాలి. మీ సొంత వాడకానికే అయితే ఒకే ప్రాసెస్‌లో ఉంచుకోండి, కింది అంచెలు రెంటికీ వర్తిస్తాయి.

## 5. బిల్డ్

లామా సీపీపీని క్లోన్ చేశాక ఒక విడుదల ట్యాగ్‌కు కట్టుబడండి. ఆ ప్రాజెక్ట్ రోజూ మారుతుంది, ఫంక్షన్ల పేర్లూ మారుతుంటాయి. ప్రధాన బ్రాంచ్‌ను అలాగే వాడితే ఈరోజు అయిన బిల్డ్ వచ్చేవారం కాదు.

ఇవ్వాల్సిన సీమేక్ ఆప్షన్లు (జీజీఎంఎల్ అంటే లామా సీపీపీ లోపలి లెక్కల లైబ్రరీ):

- బిల్డ్ షేర్డ్ లిబ్స్: ఆన్
- జీజీఎంఎల్ బ్యాకెండ్ డీఎల్: ఆన్. బ్యాకెండ్లు విడివిడి ఫైళ్ళుగా తయారవుతాయి. మూడో అంచెలోని విభజన దీనివల్లే సాధ్యం.
- జీజీఎంఎల్ క్యూడా: ఆన్
- జీజీఎంఎల్ నేటివ్: ఆఫ్
- జీజీఎంఎల్ సీపీయూ ఆల్ వేరియంట్స్: ఆన్
- సీమేక్ బిల్డ్ టైప్: రిలీజ్
- సీమేక్ క్యూడా ఆర్కిటెక్చర్స్: మొదటి అంచెలో మీరు తేల్చుకున్న జాబితా

నేటివ్ ఆప్షన్ దగ్గర కాసేపు ఆగాలి. అది మామూలుగా ఆన్‌లో ఉంటుంది. ఆన్‌లో ఉంటే సీపీయూ కోడ్ మీ ప్రాసెసర్‌కు, మీరు ఆర్కిటెక్చర్ జాబితా ఇవ్వకపోతే జీపీయూ కోడ్ మీ కార్డ్‌కు మాత్రమే తయారవుతుంది. మీ దగ్గర అద్భుతంగా నడుస్తుంది. పాత ప్రాసెసర్ ఉన్నవాళ్ళ దగ్గర "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అంటూ, వేరే కార్డ్ ఉన్నవాళ్ళ దగ్గర "కెర్నల్ ఇమేజ్ లేదు" అంటూ (కెర్నల్ అంటే జీపీయూ మీద నడిచే ఫంక్షన్) ఆగిపోతుంది. "నా దగ్గర నడుస్తోంది, వాళ్ళ దగ్గర నడవట్లేదు" అనే ఫిర్యాదు వింటే ముందుగా చూడాల్సింది ఈ ఒక్క ఆప్షన్‌నే.

ఆర్కిటెక్చర్ జాబితాలో ప్రతి అంకె వెనకా రియల్ అనిగానీ వర్చువల్ అనిగానీ చేర్చవచ్చు. రియల్ అంటే ఆ కార్డ్‌కు నేరుగా నడిచే యంత్రకోడ్. వర్చువల్ అంటే పీటీఎక్స్ అనే మధ్యంతర రూపం, యూజర్ కంప్యూటర్‌లో డ్రైవర్ దాన్ని అప్పటికప్పుడు కంపైల్ చేస్తుంది. వర్చువల్ మాత్రమే ఇస్తే మొదటిసారి తెరిచినప్పుడు చాలాసేపు కదలకుండా కూర్చుంటుంది, ప్లగిన్ చచ్చిపోయిందని యూజర్ మూసేస్తాడు. మద్దతిచ్చే ప్రతి వరుసకూ రియల్ ఇవ్వండి, రాబోయే కార్డుల కోసం చివరిదానికి మాత్రం వర్చువల్ కూడా ఇవ్వండి.

చుక్కకు ముందున్న అంకె ఒకటే అయిన కార్డుల మధ్య ఒక సౌకర్యం ఉంది: 8.6కు తయారైన యంత్రకోడ్ 8.9 మీదా నడుస్తుంది. బిల్డ్ సమయం, ఫైల్ సైజు తగ్గించాలంటే 8.9ని వదిలేయవచ్చు. దీనికి తిరుగు దారి లేదు, 8.9 కోడ్ 8.6 మీద నడవదు.

బిల్డ్‌లో తరచూ జరిగే తప్పులు:

- ఆప్షన్ మార్చి పాత బిల్డ్ ఫోల్డర్‌లోనే మళ్ళీ నడపడం. సీమేక్ పాత విలువలు గుర్తుంచుకుంటుంది. టూల్‌కిట్ లేదా కంపైలర్ మారిస్తే ఫోల్డర్ తీసేసి కొత్తగా మొదలుపెట్టండి.
- లినక్స్ షెల్‌లో ఆర్కిటెక్చర్ జాబితాను కోట్స్ లేకుండా ఇవ్వడం. మధ్యలో సెమికోలన్లు ఉంటాయి, షెల్ అక్కడే కమాండ్‌ను తెగ్గొడుతుంది.
- ప్రాసెసర్ కోర్లన్నిటితో ఒకేసారి కంపైల్ చేయడం. క్యూడా ఫైళ్ళు కంపైల్ అయ్యేటప్పుడు ర్యామ్ విపరీతంగా తింటాయి. మధ్యలో కారణం చెప్పకుండా ఆగిపోతే సమాంతర పనుల సంఖ్య సగానికి తగ్గించండి.
- విండోస్‌లో లోతైన ఫోల్డర్‌లో బిల్డ్ చేయడం. 260 అక్షరాల దారి పరిమితి దాటుతుంది. డ్రైవ్ మొదట్లోనే చిన్న పేరున్న ఫోల్డర్ పెట్టుకోండి.

బిల్డ్ అవ్వగానే ప్లగిన్ జోలికి వెళ్ళకండి. లామా సీపీపీతో వచ్చే బెంచ్ టూల్‌ను ముందు నడపండి. అది కార్డ్‌ను గుర్తించి వేగం చూపిస్తే ఇంజన్ సరే, ఇకమీదట వచ్చే సమస్యలన్నీ ప్లగిన్‌వే.

## 6. ఏ ఫైళ్ళు కలిపి ఇవ్వాలి

ఉపఫోల్డర్‌లో ఉండాల్సినవి:

- లామా, జీజీఎంఎల్, జీజీఎంఎల్ బేస్ లైబ్రరీలు
- సీపీయూ బ్యాకెండ్ వేరియంట్లన్నీ
- క్యూడా బ్యాకెండ్
- క్యూడా రన్‌టైమ్ ఫైల్, క్యూబ్లాస్, క్యూబ్లాస్ ఎల్‌టీ (చివరి రెండూ మాత్రికల లెక్కల లైబ్రరీలు)

చివరి మూడూ టూల్‌కిట్ నుంచి కాపీ చేసుకునేవి. వీటిని కలిపి పంచేందుకు ఎన్‌విడియా లైసెన్స్ అనుమతిస్తుంది, అనుమతించిన ఫైళ్ళ జాబితా లైసెన్స్ చివర్లో ఉంటుంది. క్యూబ్లాస్ ఎల్‌టీ ఒక్కటే వందల ఎంబీలు. అందుకే క్యూడా భాగాన్ని విడి డౌన్‌లోడ్‌గా ఇవ్వడం మంచిది, కార్డ్ లేనివాళ్ళ మీద ఆ బరువు పడదు.

కలిపి ఇవ్వకూడనిది: డ్రైవర్ ఫైల్. ఎన్‌వీ క్యూడా డీఎల్ఎల్‌ను మీ కంప్యూటర్ నుంచి కాపీ చేసి పెడితే అవతలి డ్రైవర్‌తో పొసగదు.

విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ కూడా కావాలి. మీ కంప్యూటర్‌లో విజువల్ స్టూడియో ఉంది కాబట్టి దాని లోటు మీకెప్పటికీ తెలియదు.

## 7. లోడ్ చేసే పద్ధతి

ప్లగిన్ ఫోల్డర్‌లోనే అన్ని ఫైళ్ళూ ఉన్నా "మాడ్యూల్ దొరకలేదు" అని వస్తుంటుంది. కారణం: ఒక డీఎల్ఎల్‌కు కావాల్సిన ఇతర డీఎల్ఎల్‌లను విండోస్ మామూలుగా హోస్ట్ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లో, సిస్టమ్ ఫోల్డర్లలో వెతుకుతుంది. ప్లగిన్ ఫోల్డర్‌ను చూడదు.

లోడ్ లైబ్రరీ ఎక్స్ ఫంక్షన్‌ను పూర్తి దారితో పిలవండి. లోడ్ అవుతున్న డీఎల్ఎల్ ఫోల్డర్‌లో వెతకమనే ఫ్లాగ్, డిఫాల్ట్ ఫోల్డర్లలో వెతకమనే ఫ్లాగ్ రెండూ కలిపి ఇవ్వండి. పాత్ వేరియబుల్‌ను మార్చి సర్దుకోకండి. అది హోస్ట్‌లోని మిగతా ప్లగిన్లను కూడా కదిలిస్తుంది.

లినక్స్‌లో ఇదే పని రన్‌పాత్ (లైబ్రరీ లోపలే రాసి ఉంచే వెతుకు దారి) చేస్తుంది. బిల్డ్‌లో సీమేక్ ఇన్‌స్టాల్ ఆర్‌పాత్ విలువగా డాలర్ గుర్తుతో ఆరిజిన్ అని ఇవ్వండి, "లైబ్రరీ ఉన్న ఫోల్డర్" అని దాని అర్థం. తెరిచేటప్పుడు లోకల్ ఫ్లాగ్ వాడండి.

లామా సీపీపీలోనూ ఇలాంటి చిక్కే ఉంది. బ్యాకెండ్లన్నిటినీ లోడ్ చేసే సాధారణ ఫంక్షన్ వాటిని నడుస్తున్న ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో వెతుకుతుంది. ఇంజన్ హోస్ట్ ప్రాసెస్‌లోనే ఉంటే ఆ ప్రోగ్రామ్ చాట్ ప్రోగ్రామ్, బ్యాకెండ్లు అక్కడ ఉండవు. ఎర్రర్ కూడా రాదు, ఏ బ్యాకెండూ లేకుండా మోడల్ లోడ్ దగ్గర ఆగుతుంది. ఫోల్డర్ దారిని తీసుకునే రెండో రూపం ఉంది, పేరు చివర ఫ్రమ్ పాత్ అని ఉంటుంది. దాన్నే వాడి మీ ఉపఫోల్డర్ ఇవ్వండి.

ఇంకో ప్లగిన్ కూడా జీజీఎంఎల్ పేరుతోనే వేరే వెర్షన్ తెచ్చి ఉంటే? విండోస్ అదే పేరున్న డీఎల్ఎల్ ఇప్పటికే మెమరీలో ఉంటే దాన్నే అందిస్తుంది. మీ లామా అవతలివాళ్ళ జీజీఎంఎల్‌తో కలిసి ఎక్కడో పడిపోతుంది. సహాయక ప్రాసెస్ పద్ధతిలో ఈ సమస్యే పుట్టదు.

## 8. లోడ్ కాకపోతే: ఎర్రర్‌ను బట్టి మందు

విండోస్ ఎర్రర్ 126: తెరవబోయిన ఫైల్ గానీ, దానికి కావాల్సిన ఇంకో ఫైల్ గానీ దొరకలేదు. డంప్‌బిన్ టూల్‌తో డిపెండెంట్స్ జాబితా తీసి ఒక్కొక్కటి సరిచూడండి. లినక్స్‌లో ఎల్‌డీడీ కమాండ్ "దొరకలేదు" అని చూపించే లైన్ చూడండి.

ఎర్రర్ 127: ఫైల్ దొరికింది, అందులో ఫంక్షన్ లేదు. వెర్షన్లు కలగలిశాయి. ఉపఫోల్డర్ ఖాళీ చేసి ఒకే బిల్డ్ నుంచి అన్నీ మళ్ళీ పెట్టండి.

ఎర్రర్ 193: 32 బిట్, 64 బిట్ కలిశాయి. హోస్ట్ 32 బిట్ అయితే సహాయక ప్రాసెస్ తప్ప దారి లేదు.

"డ్రైవర్ వెర్షన్ చాలదు": యూజర్ డ్రైవర్ పాతది. లినక్స్‌లో క్యూడా 12 వరుసకు కనీసం 525.60.13 కావాలి.

"పీటీఎక్స్ మద్దతులేని టూల్‌చెయిన్‌తో కంపైలైంది": ఇది చాలామందిని తికమకపెడుతుంది. 12.8తో చేసిన ప్లగిన్ పాత 12 వరుస డ్రైవర్ మీద నడవాలి కదా అంటారు. యంత్రకోడ్ అయితే నడుస్తుంది. పీటీఎక్స్‌కు ఆ సౌకర్యం లేదు, దాన్ని తయారుచేసిన టూల్‌కిట్‌ను ఎరిగిన డ్రైవర్ కావాలి. ఆ కార్డ్‌కు రియల్ అంకె చేరిస్తే తీరిపోతుంది.

కెర్నల్ లోపలి ఎర్రర్ల విషయంలో, అవి జరిగిన చోట కాకుండా తర్వాతి ఏదో పిలుపు దగ్గర బయటపడతాయి, ఎందుకంటే జీపీయూ పని వెనక నడుస్తుంటుంది. పరీక్షించేటప్పుడు క్యూడా లాంచ్ బ్లాకింగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 1గా పెట్టండి. వేగం పడిపోతుంది, అసలు చోటు తెలుస్తుంది.

## 9. చాట్ కిటికీకి జవాబు అందించడం

మోడల్ లోడ్, జవాబు తయారీ రెండూ విడి థ్రెడ్‌లో జరగాలి. టోకెన్ వచ్చినప్పుడల్లా కాల్‌బ్యాక్ పిలవండి. ఆ కాల్‌బ్యాక్ వేరే థ్రెడ్ నుంచి వస్తుందని ఇంటర్‌ఫేస్ వివరణలో స్పష్టంగా రాయండి, హోస్ట్ దాన్ని తన కిటికీ థ్రెడ్‌కు బదిలీ చేసుకోవాలి.

"ఆపు" బటన్ కోసం ఒక అటామిక్ జెండా పెట్టి ప్రతి టోకెన్ తర్వాత చూడండి. పొడవైన ప్రశ్నను ఒకేసారి ఇంజన్‌కు ఇస్తే మధ్యలో ఆపలేరు, 512 టోకెన్ల ముక్కలుగా ఇచ్చి ముక్కకోసారి జెండా చూడండి. మూసేటప్పుడు థ్రెడ్ ముగిసేదాకా ఆగి, ఆ తర్వాతే లైబ్రరీని విడుదల చేయండి. వరుస తప్పితే ప్రోగ్రామ్ మూసేటప్పుడు క్రాష్ అవుతుంది.

తెలుగు వాడేవాళ్ళకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇక చెబుతాను. ఇంగ్లిష్‌తో మాత్రమే పరీక్షించిన ప్లగిన్లలో తెలుగు జవాబు మధ్యలో ప్రశ్నగుర్తు డబ్బాలు కనిపిస్తాయి. మోడల్ తప్పు కాదు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు. "క్షే"లో క, పొల్లు, ష, ఏత్వం అనే నాలుగు సంకేతాలు, మొత్తం 12 బైట్లు. టోకెన్ సరిహద్దు ఈ బైట్ల మధ్యలో ఎక్కడైనా పడొచ్చు. వచ్చిన ముక్కను వచ్చినట్టే స్ట్రింగ్‌గా మారిస్తే సగం సంకేతం చెడిపోతుంది.

దిద్దే పద్ధతి:

1. వచ్చిన బైట్లను ఒక బఫర్ చివర చేర్చండి.
2. బఫర్ చివరినుంచి వెనక్కి చూసి, చివరి సంకేతపు మొదటి బైట్ పట్టుకోండి. 128 నుంచి 191 మధ్య ఉన్నవి కొనసాగింపు బైట్లు, వాటిని దాటుకుంటూ వెళ్ళండి.
3. మొదటి బైట్ 224 నుంచి 239 మధ్య ఉంటే 3 బైట్లు, 192 నుంచి 223 అయితే 2, 240 పైన అయితే 4 ఉండాలి.
4. అన్నీ వచ్చి ఉంటే మొత్తం పంపండి. తక్కువుంటే ఆ సంకేతాన్ని బఫర్‌లో ఉంచుకుని దాని ముందున్నవి పంపండి.
5. జవాబు ముగిశాక లేదా ఆపేశాక బఫర్ ఖాళీ చేయండి. ఇది మరిస్తే పాత తునక తర్వాతి జవాబు మొదట్లో అతుక్కుంటుంది.

హోస్ట్ వైపు కూడా ఒక జాగ్రత్త కావాలి. వచ్చిన ప్రతి ముక్కనూ విడి టెక్స్ట్ భాగంగా కిటికీలో పెడితే ఒత్తులూ గుణింతాలూ అక్షరంతో కలవవు, చుక్కల వలయాల మీద విడిగా నిలబడతాయి. ఒకే సందేశపు స్ట్రింగ్‌కు చేర్చి దాన్నంతా మళ్ళీ గీయించాలి. ఒత్తులు ఎక్కువగా ఉన్న వాక్యాన్ని పరీక్ష ప్రశ్నగా శాశ్వతంగా ఉంచుకోండి.

## 10. జీపీయూ నిజంగా పనిచేస్తోందా

జవాబు వచ్చిందంటే జీపీయూ వాడినట్టు కాదు, సీపీయూ మీద కూడా జవాబు వస్తుంది. ఇంజన్ లాగ్‌ను మీ ఫైల్‌కు మళ్ళించి, ఎన్ని లేయర్లు జీపీయూకి వెళ్ళాయో చెప్పే లైన్ చూడండి. పైన చెప్పిన 8 బిలియన్ మోడల్‌కు 33లో 33 అని రావాలి (32 లేయర్లు, చివరి అవుట్‌పుట్ ఒకటి). ఇంకోవైపు ఎన్‌విడియా ఎస్‌ఎంఐలో మెమరీ వాడకం మోడల్ సైజు మేర పెరగాలి. టాస్క్ మేనేజర్‌లో త్రీడీ గ్రాఫ్ చూసి జీపీయూ ఖాళీగా ఉందనుకోవద్దు, అది ఈ లెక్కలను చూపించదు.

లేయర్లన్నీ కార్డ్‌మీదే ఉన్నా నత్తనడకన నడిస్తే, మెమరీ నిండి విండోస్ డ్రైవర్ మిగిలినదాన్ని సిస్టమ్ ర్యామ్‌లోకి పొంగిస్తోందేమో చూడండి. ఎర్రర్ రాదు, వేగం మాత్రం కుప్పకూలుతుంది. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో క్యూడా సిస్‌మెమ్ ఫాల్‌బ్యాక్ అనే సెట్టింగ్‌ను ఆపి చూస్తే తేలిపోతుంది: అప్పుడు మెమరీ చాలలేదనే ఎర్రర్ వస్తుంది. ప్లగిన్ చేయాల్సిన పని, లేయర్లు రెండు మూడు తగ్గించడం లేదా కాంటెక్స్ట్ కుదించడం. అన్నీ కార్డ్‌లోకి తోసేసి పొంగనివ్వడం కంటే కొన్ని లేయర్లు సీపీయూకి వదలడమే వేగంగా ఉంటుంది.

## 11. విడుదలకు ముందు

అన్నీ శుభ్రమైన కంప్యూటర్ మీద చేయాలి. విజువల్ స్టూడియో, టూల్‌కిట్ లేని చోట.

- ఎన్‌విడియా కార్డ్ లేని కంప్యూటర్‌లో గేట్ తెరుచుకుని, కారణం చెప్పి, సీపీయూ మీద జవాబిచ్చిందా?
- పాత డ్రైవర్‌తో సరైన సందేశం వచ్చిందా?
- జాబితాలోని ప్రతి వరుస నుంచి కనీసం ఒక కార్డ్ మీద మోడల్ లోడ్ అయిందా?
- జవాబు మధ్యలో ఆపి, వెంటనే ఇంకో ప్రశ్న అడిగితే శుభ్రంగా వచ్చిందా?
- జవాబు వస్తుండగా ప్రోగ్రామ్ మూస్తే క్రాష్ లేకుండా మూసుకుందా?
- కార్డ్ మెమరీని ఇంకో ప్రోగ్రామ్ నింపేసి ఉన్నప్పుడు లేయర్లు తగ్గించుకుందా?
- తెలుగు పేరున్న ఫోల్డర్ నుంచి మోడల్ తెరుచుకుందా, తెలుగు జవాబు చెక్కుచెదరకుండా వచ్చిందా?
- సహాయక ప్రాసెస్‌ను టాస్క్ మేనేజర్ నుంచి చంపితే చాట్ ప్రోగ్రామ్ నిలబడిందా?

ప్యాకేజీలో ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ కూడా పెట్టండి: లామా సీపీపీ ట్యాగ్, టూల్‌కిట్ వెర్షన్, ఆర్కిటెక్చర్ జాబితా, ఇంటర్‌ఫేస్ వెర్షన్. గేట్ మొదలైనప్పుడు ఇవే నాలుగూ లాగ్ మొదటి లైన్లలో రాయాలి. ఎవరైనా లాగ్ పంపితే, వాళ్ళ కార్డ్ మీ జాబితాలో ఉందో లేదో ఆ లైన్లు చూసి చెప్పేయవచ్చు.